అంబాసిడర్ ఇంజను, జీపు ఇరుసు, ఇంట్లో కొట్టిన బాడీ: అనంతపురం హాట్ రాడ్ రివ్యూ

నమస్తే అందరికీ. ఈ రోజు మనం చూసే బండికి షోరూం లేదు, ఆన్‌రోడ్ ధర లేదు, నెంబరు ప్లేటు కూడా లేదు. మైలేజి మాత్రం అడగొద్దండి, కట్టినాయనకే తెలీదు. అనంతపురంలో లేత్ షాపు నడిపే ఒక అన్న, ఇంటి వెనక రేకుల షెడ్డులో, చేతుల్తో కట్టుకున్న హాట్ రాడ్ ఇది. హాట్ రాడ్ అంటే పాత కారు సామాన్లతో, వేగం కోసం బరువు తగ్గించి కట్టుకున్న బండి. పేరు చెప్పొద్దు, ముఖం చూపొద్దు, బండిని మాత్రం ఎంతసేపైనా చూపించుకో అన్నాడు. అందుకే వీడియోలో ఆయన చేతులే కనిపిస్తాయి, మధ్యమధ్యలో ఆయన తిట్లు వినిపిస్తాయి.

ముందు స్టార్ట్ చేసి వినిపిస్తా. ఉండండి.

విన్నారా? "ఇది అంబాసిడర్ శబ్దం కదప్పా" అన్నవాళ్ళకు నూటికి నూరు. మన కలెక్టరేట్ ముందర ఒకప్పుడు తెల్లగా వరసపెట్టి నిలబడిన అంబాసిడర్లు గుర్తున్నాయా? 1990ల్లో వాటికి ఇసుజు 1817 సీసీ పెట్రోలు ఇంజను వేసినారు, 5 గేర్ల బాక్సుతో. అదే ఇది. తుక్కుకు పోయే బండి నుంచి దించుకొచ్చి, విప్పి, బోరు చూసి, రింగులు మార్చి పెట్టినాడు.

ఇక్కడ ఒక వర్గం పిల్లోళ్ళు అప్పుడే మొహం ముడుచుకుంటారని నాకు తెలుసు. "హాట్ రాడ్ అంటే వీ8, ఎనిమిది సిలిండర్ల ఇంజను కదా, ఇదేంది నాలుగు సిలిండర్లు?" సరే, ఆ లెక్క తేల్చుకుందాం. 1932లో ఫోర్డు కంపెనీ మామూలు సంసారులు కొనుక్కోగలిగే కారులో వీ8 పెట్టింది. హాట్ రాడ్ వాళ్ళు ఇప్పటికీ మొక్కేది ఆ మోడల్‌కే. 221 క్యూబిక్ అంగుళాలు, అంటే 3.6 లీటర్లు. అంత పెద్ద ఇంజను కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇచ్చింది 65 హార్స్ పవర్. ఈ ఇసుజు దాంట్లో సగం సైజు, ఇచ్చేది 70 పైచిలుకు. ఇంకొకటి, ఫ్లాట్‌హెడ్ అని పిలిచే ఆ పాత ఫోర్డు వీ8లో కాలిన పొగ బయటికి పోయే దారి ఇంజను బ్లాకు లోపలి నుంచే, చుట్టూ నీళ్ళు తిరిగే చోటు మీదుగా పోతుంది. ఆ వేడంతా నీళ్ళలోకే. కాలిఫోర్నియాలోనే అది ఉడికిపోయేదని పేరు. మన అనంతపురం మే నెల ఎండలో, క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో దాన్ని ఊహించుకోండి.

అసలు హాట్ రాడ్ అంటే ఏం పెట్టినారన్నది కాదు, ఏం తీసేసినారన్నది. నా అభిప్రాయం ఇదే, ఈ బండిని నేను తూచేది కూడా ఈ తక్కెడలోనే. 1930ల్లో కాలిఫోర్నియా కుర్రోళ్ళ దగ్గర డబ్బుల్లేవు. పాత ఫోర్డు కొని, మడ్‌గార్డులు పీకి, టాపు పీకి, బంపర్లు పీకి, మొజావీ ఎడారిలో ఎండిపోయిన సరస్సుల మీదికి తోలుకుపోయేవాళ్ళు. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అని ఆ సరస్సుల పేర్లు. నేల బల్లపరుపుగా ఉంటుంది, అడ్డం వచ్చేవాడు ఉండడు. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకుని టైము కొలవడం కూడా పద్ధతిగా చేసినారు. ఎండిన సరస్సు వాళ్ళకు వరం. మనకేమో చెరువు ఎండితే ఏడుపు.

ఆ తీసివేత ఇక్కడ ఎంత జరిగిందో తెలుసుకోవాలని బండిని పికప్‌లో ఎక్కించి, శనక్కాయ లోడ్లు తూచే కాటా మీద దింపినాం. కాటా ఆయన ముందు నన్ను చూసినాడు, తర్వాత బండిని చూసినాడు, చీటీ ఇచ్చేసినాడు. 800 కిలోల లోపే. అంబాసిడర్ పూర్తి బండి 1100 దాటుతుంది. అదే ఇంజను మీద మూడు క్వింటాళ్ళ బరువు దిగిపోయింది. బండికి దూకుడు ఎక్కడినుంచి వచ్చిందో ఇంక వేరే చెప్పాల్నా?

ఇప్పుడు కిందికి దూరదాం. కెమెరా ఇటు.

అంబాసిడర్‌కు విడిగా చాసీ ఉండదు, బాడీయే చాసీ. అందుకని ఇది మొత్తం కొత్తగా కట్టిందే. 100కు 50 రెక్టాంగులర్ పైపు, 4 మిల్లీమీటర్ల మందం, మధ్యలో ఎక్స్ ఆకారంలో అడ్డపట్టీలు. షెడ్డు నేల మీద కడప బండలు పరిచి, మట్టం చూసి, వాటి మీదనే చాసీ పేర్చినాడు. పట్టీలు అన్నీ ముందు చుక్కలు చుక్కలుగా అతికి, ఎదురెదురు మూలల కొలత రెండు వైపులా సమానంగా వచ్చేదాకా ఫుల్ వెల్డింగ్ వేయలేదంట. వేసేటప్పుడు కూడా ఒక మూల రోంత, ఎదురు మూల రోంత. ఒకే వైపు వేసుకుంటూ పోతే వేడికి పైపు లాగేసి, చాసీ మెలి తిరుగుతుంది.

వెల్డింగ్ సంగతి వచ్చింది కాబట్టి మన ఊరి గాలి గురించి చెప్పాలి. ఈయన వాడింది సీఓ2 వెల్డింగ్, అంటే మిగ్. తీగ కరిగే చోట గాలి తగలకుండా గ్యాసు కాపలా కాస్తుంది. ఆషాఢంలో అనంతపురం గాలి ఎట్ల వీస్తుందో మీకు తెలుసు, గాలిమరలు ఊరికే పెట్టలేదు మన జిల్లాలో. ఆ గాలికి గ్యాసు కాస్తా కొట్టుకుపోతే వెల్డింగ్ నిండా సూది బెజ్జాలే. పైన గ్రైండింగ్ చేస్తే కనిపించవు, లోపల బలం ఉండదు. అన్న నాలుగు వైపులా టార్పాలిన్ కట్టి, దాంట్లో కూర్చుని చేసినాడు. ఎండాకాలంలో, టార్పాలిన్ లోపల, వెల్డింగ్. ఆయన బరువు కూడా కాటా వేసుంటే బాగుండేది. మెషిన్ మీద 200 ఆంపులు, 60 శాతం డ్యూటీ సైకిల్ అని రాసుంటే, 10 నిమిషాల్లో 6 నిమిషాలే కాల్చాలని అర్థం. ఆ లెక్క సాధారణంగా 40 డిగ్రీల వేడికి కట్టింది. మన మే నెల దాన్ని దాటుతుంది, కాబట్టి ఇంకా ఎక్కువ విరామం ఇయ్యాల.

బాడీ దగ్గరికి వద్దాం. అందరూ ఫోటో తీసుకునేది దీన్నే. 18 గేజి సీఆర్ షీటు, అంటే పూత లేని నున్నటి ఇనుప రేకు, 1.2 మిల్లీమీటర్ల మందం. జీఐ షీటు తుప్పు పట్టదు కదా అని కొందరు అదే వాడతారు. దాని మీద జింకు పూత ఉంటుంది. వెల్డింగ్ చేస్తే ఆ పొగ పీల్చి రాత్రికి చలి జ్వరం వస్తుంది, వద్దు. వంపులకు విదేశాల్లో ఇంగ్లిష్ వీల్ అని పెద్ద చక్రాల యంత్రం వాడతారు. ఇక్కడ అది లేదు. మటన్ అంగట్లో ఉంటుందే, చింత మొద్దు, దాంట్లో గిన్నెలాగా గుంత తొలిచి, రేకు దాని మీద పెట్టి చెక్క సుత్తితో కొట్టినాడు. తర్వాత ఇసక నింపిన తోలు సంచి మీద సాపు చేసినాడు. ఈ వెనక భాగం చూడండి, పడవ తోక లాగా మెల్లగా కిందికి జారింది. ఇది ఒక్క ముక్క కాదు, ఐదారు ముక్కలు. అతుకులు ఎక్కడున్నాయో వెతకండి.

కుడివైపు దొరకవు. ఎడమవైపు దొరుకుతాయి. ఇదిగో, ఇక్కడ వేలు పెట్టి జరపండి, రోంత అల ఉంది. అతుకు వేసేటప్పుడు ఓపిక తగ్గి పొడుగ్గా లాగేసినట్టున్నాడు, రేకు వేడికి ఉబ్బింది, ఆ మీద పుట్టీ పెట్టినాడు. అయస్కాంతం పెడితే ఇక్కడ పట్టు తగ్గుతోంది చూడండి. పుట్టీ మందంగా ఉందన్నమాట. "నువ్వు అయస్కాంతం తెస్తావని తెలిసుంటే గేటు తీసేవాణ్ణి కాదు" అంటున్నాడు అన్న.

పెయింట్ గురించి పెద్దగా ఏం లేదు. మెరుపు లేని బూడిద రంగు, ప్రైమర్ మాదిరి. హాట్ రాడ్‌లకు అది పాత సంప్రదాయమే, మన దుమ్ముకు కూడా అదే మంచిది.

చక్రాలు నాకు భలే నచ్చిన విషయం. ముందు 6.00-16, వెనక 7.50-16. మొదటిది పాత జీపు టైరు సైజు, రెండోది టాటా 407 సైజు. అమెరికాలో పాతకాలం హాట్ రాడ్‌లకు వాడింది కూడా దాదాపు ఇదే జోడీ. ముందు చిన్నది, వెనక పెద్దది, అందుకే బండి దూకడానికి వంగినట్టు కనిపిస్తుంది. ఇంకో తమాషా ఏమంటే, 1932 ఫోర్డుకు, జీపుకు చక్రాల బోల్టుల అమరిక ఒకటే: 5 బోల్టులు, ఐదున్నర అంగుళాల వృత్తం. వెనక ఇరుసు హౌసింగ్ జీపుది కాబట్టి గేరు రేషియో పొట్టిది, అంటే లాగుడు ఎక్కువ, వేగం తక్కువ. కానీ టైరు పెద్దదైతే ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కదా, ఆ లోటు అక్కడ తీరిపోయింది.

కానీ వెనక టైర్లు లారీ సరుకు మోయడానికి చేసినవి, గట్టి ప్లై. ఇంత తేలిక బండి కింద అవి నలగనే నలగవు. గాలి శానా తగ్గించినా సరే, చిన్న రాయి ఎక్కినా నడుములో తెలుస్తుంది. పైగా వెనక రిమ్ములు, జీపు రిమ్ము మధ్య భాగం కోసి, వెడల్పు రిమ్ములో పెట్టి వెల్డింగ్ చేయించినవి. డయల్ గేజి పెట్టి చూస్తే ఒకటి రోంత ఊగుతోంది. ఇది నేను ఒప్పుకోను అన్నా. బాడీ అతుకు ఊడితే రేకు లేస్తుంది, రిమ్ము అతుకు ఊడితే మనిషి లేస్తాడు.

ఇక స్టీరింగ్. ఇంట్లో బండి కట్టాలనుకునే తమ్ముళ్ళు ఈ భాగం రెండుసార్లు చూడండి. అంబాసిడర్‌లో ర్యాక్ అండ్ పినియన్ ఉంటుంది, దాన్నే పెట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. అక్కడ ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. ఇక్కడ రెండు చక్రాలకూ ఒకటే జీపు ఇరుసు, కమాన్ కట్టల మీద పైకీ కిందికీ ఊగుతుంది. ర్యాక్‌ను చాసీకి బిగిస్తే అది కదలదు, ఇరుసు కదులుతుంది. గుంత వచ్చినప్పుడల్లా బండి దానంతటదే పక్కకు తిరుగుతుంది. అందుకని జీపు స్టీరింగ్ బాక్సే తెచ్చి, కమాన్ కట్ట ఏ పిన్ను చుట్టూ ఊగుతుందో దానికి దగ్గరగా బిగించినాడు. అప్పుడు స్టీరింగ్ రాడ్డు, కట్ట ఒకే వంపులో ఊగుతాయి. చేను గట్టు మీద దడదడ ఎక్కించినా స్టీరింగ్ నా చేతిలో గుంజలేదు.

క్యాస్టర్, అంటే ముందు చక్రం ఏ కింగ్ పిన్ను మీద పక్కకు తిరుగుతుందో దాని వాలు, అది కూడా అంతే. కింగ్ పిన్ను పైభాగం వెనక్కి వాలుండాలి, ఈయన పెట్టింది 6 డిగ్రీలు. శానామంది చాసీని మట్టంగా పెట్టి ఈ వాలు సెట్ చేస్తారు. తర్వాత వెనక పెద్ద టైర్లు వేస్తారు, బండి ముందుకు వంగుతుంది, ఎంత వంగితే అంత క్యాస్టర్ పోతుంది. ఈయన టైర్లు వేసి నిలబెట్టిన తర్వాత కొలిచి, కమాన్ కట్ట కింద ఏటవాలు ముక్కలు పెట్టి సరిచేసినాడు. రేకు కొట్టడం కన్నా ఇదే నాకు పెద్ద పనితనం. ఫోటోలో రాదు పాపం.

బోల్టులన్నీ తలమీద 8.8 అని గుర్తున్నవే, అంటే గట్టి రకం, చూసినా.

బ్రేకులకు మాత్రం సగం మార్కులే. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, అది సరే. పెడలు తొక్కితే ఫ్లూయిడ్‌ను తోసే మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద ఉంది, చక్రాల దగ్గర బ్రేకుల కన్నా పల్లంలో. అట్లాంటప్పుడు ఫ్లూయిడ్ మెల్లగా వెనక్కి జారుతుంది. జారకుండా లైనులో రోంత ఒత్తిడి నిలిపే రెసిడ్యువల్ వాల్వు వేయాలి: డిస్కులకు 2 పీఎస్ఐది, డ్రమ్ములకు 10ది. ముందు వేసినాడు, వెనక వేయలేదు. దానివల్ల కాసేపు ఆగి మళ్ళీ తొక్కితే మొదటి తొక్కు లోతుకు పోతోంది, రెండో తొక్కుకు పట్టు వస్తుంది. పెట్రోలు ట్యాంకు సీటు వెనకే ఉంది, మధ్యలో అడ్డం రేకు లేదు. సీటు బెల్టు లేదు. ఈ మూడూ అయ్యేదాకా రెండో గేరు దాటొద్దన్నా అని చెప్పినా.

నేను నడిపింది ఆయన సొంత చేను పక్కన మట్టి దారిలో. రెండో గేరులోనే వెనక చక్రాలు మట్టి చిమ్ముతాయి. ఇంజను మోటుగా లేదు, కింది నుంచే లాగుతుంది. తలుపుల్లేవు, అద్దం లేదు, పొగగొట్టం మోకాలి పక్కనే. నవ్వు మాత్రం ఆగదు.

ఇప్పుడు నెంబరు ప్లేటు సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడు చట్టం సవరించినాక, మార్చిన ఓనరుకు 6 నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ పడొచ్చు. కొత్తగా కట్టిన బండి రిజిస్టర్ కావాలంటే ప్రోటోటైపు పరీక్ష, అంటే నమూనా బండి పరీక్ష పాస్ కావాలి, అది కంపెనీలు చేసే పని. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకి సాధ్యం, రేకుల షెడ్డుకు కాదు. కాబట్టి ఈ బండి చేనుకు పికప్‌లోనే పోతుంది, పికప్‌లోనే వస్తుంది. "ఎవరు చూస్తార్లే అన్నా" అని బళ్ళారి రోడ్డు ఎక్కించమనే వాళ్ళను పక్కన పెట్టండి, బ్రేకు సంగతి ఇందాకే విన్నారు.

కొంటారా అంటే అమ్మడు. ఆర్డరు ఇస్తే కడతాడా అంటే కట్టడు, అడిగి చూసినా. ఖర్చు ఎంత అంటే వదిన ఇంట్లోనే ఉంది, గట్టిగా అడగొద్దన్నాడు. మీరే మొదలుపెట్టేటట్టయితే బాడీ జోలికి పోకుండా ముందు చాసీ కట్టి, ఇరుసులు, స్టీరింగ్, బ్రేకులు బిగించి, సీటు బదులు స్టూలు పెట్టుకుని అయినా నెట్టుకుంటూ తిప్పి చూడండి. అక్కడ నచ్చకపోతే కోసి మార్చుకోవచ్చు. బాడీ ఎక్కినాక మనసొప్పదు.

వెనక రిమ్ములు, వాల్వు మార్చినాక ఇంకో వీడియో చేస్తా. పికప్ వచ్చింది, బండి ఎక్కించడానికి మనుషులు తక్కువున్నారు, అన్న అప్పుడే కేకలు పెడుతున్నాడు. వస్తా.