సముద్రం అడుగున ఎవరి మీద ఎవరు బతుకుతున్నారు

అందరికీ నమస్కారం. లోతు సముద్రం అనగానే మనకి వీడియోల్లో కనిపించే ఆ పెద్ద పళ్ళ చేపలు, తల ముందు లైటు పెట్టుకుని తిరిగేవి, అవే గుర్తొస్తాయి కదా. ఇవాళ నేను వాటి గురించి మాట్లాడట్లేదు. వెన్నెముక లేని చిన్న చిన్న జీవులు, పీతలు, పురుగులు, పగడాలు, అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఎలా బతుకుతున్నాయో చెప్దామని వచ్చా.

మన సముద్రాల నుంచే మొదలుపెడతా. 1880లు, 90ల్లో ఇన్వెస్టిగేటర్ అనే సర్వే షిప్ మన దేశం చుట్టూ తిరిగేది, దాంట్లో డాక్టర్‌గా, జంతువుల్ని పరిశీలించే సైంటిస్ట్‌గా పనిచేసినాయన ఆల్‌ఫ్రెడ్ ఆల్కాక్. ఆయన 1902లో వేసిన పుస్తకంలో ఒక హెర్మిట్ క్రాబ్ గురించి రాశారు. మామూలు హెర్మిట్ క్రాబ్ మనకి బీచ్‌లో కనిపించేదే, వెనక భాగం మెత్తగా ఉంటుంది కాబట్టి ఖాళీ గుల్ల వెతుక్కుని అందులో దూరుతుంది. ఈ పీతకి గుల్లే లేదు. చిన్నగా ఉన్నప్పుడే దాని తోక మీద సీ అనిమోన్ అనే, పువ్వులా కనిపించే మెత్తటి జీవి చేరుతుంది, ఇక రెండూ కలిసే పెరుగుతాయి, అలా పెరిగి పెరిగి ఆ అనిమోన్ పీతకి దుప్పటి అయిపోతుంది. కావాలంటే తల దాకా లాక్కుంటుంది, వద్దనుకుంటే సగం వెనక్కి తీసేస్తుంది. ఎలా లాగుతుందంటే, దాని నాలుగో జత కాళ్ళ చివర పట్టుకోడానికి వీలుగా చిన్న కొక్కేలుంటాయి, అనిమోన్ మెత్తటి ఒంటిని వాటితో పట్టి లాగుతుంది. 2018లో ఈ గుంపు పీతలన్నిటినీ మళ్ళీ పరిశీలించి ఇంకో ఐదు కొత్త జాతుల్ని బయటపెట్టారు.

దీంట్లో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. గుల్ల ఎదగదు, పీత ఎదిగినప్పుడల్లా ఇంకో గుల్ల వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలోనే ఎవడో ఒకడు తినేస్తాడు. అనిమోన్ అయితే పీతతో పాటే ఎదుగుతుంది, పైగా దానికి కుట్టే కణాలున్నాయి. అనిమోన్‌కి మాత్రం ఏంటి లాభం అంటే, ఉన్నచోట నుంచి పెద్దగా కదల్లేని జీవికి కాళ్ళు దొరికాయి.

ఈ జంట గురించి అప్పట్లోనే తెలిసిందంటే కారణం, అవి ఒకదానికొకటి అతుక్కునే వలలో పైకొచ్చాయి. మిగతావాటికి ఆ అదృష్టం లేదు. వల అడుగంతా ఈడ్చుకుంటూ వెళ్ళి వెయ్యి మీటర్లు పైకొచ్చేసరికి అన్నీ కలగలిసిపోతాయి, పీత ఒక సీసాలోకి, పురుగు ఇంకో సీసాలోకి వెళ్తాయి, రెంటికీ పేర్లు పెడతారు, కానీ అవి కలిసి ఉండేవని ఎవరికీ తెలీదు.

కాలిఫోర్నియా పక్కన మాంటెరే బేలో ఇదే జరిగేది, రోబో కెమెరాలు లేకపోతే. అక్కడ 1,200 మీటర్ల లోతులో అడుగంతా చదునైన బురద, ఒక రాయి లేదు, దాక్కోడానికి ఏమీ లేదు. ఆ బురద మీద సీ పిగ్ అని పిలిచే ఒక రకం సీ కుకుంబర్లు, అంటే దోసకాయలా ఉండే మెత్తటి జీవులు, మెత్తటి గొట్టాల్లాంటి కాళ్ళతో మెల్లగా నడుస్తూ బురద తింటూ ఉంటాయి. వీడియోలన్నీ కూర్చుని లెక్కపెడితే దాదాపు 22 శాతం సీ పిగ్‌లకి కింద ఒక పిల్ల కింగ్ క్రాబ్ వేలాడుతూ కనిపించింది. ఇది 2016లో పబ్లిష్ అయింది. అసలు విషయం రెండో లెక్కలో ఉంది: ఆ ఏరియాలో కనిపించిన పిల్ల పీతల్లో 96 శాతం ఇలా సీ పిగ్‌ల దగ్గరే ఉన్నాయి! అంటే ఆ పీతకి బాల్యం గడవాలంటే ఇంకో జంతువు పొట్ట కింద చోటు దొరకాలి. అంత పెద్ద మైదానంలో దానికి ఉన్న ఇల్లు దాదాపు అదొక్కటే.

ఇప్పుడు నార్వేకి వెళ్దాం. అక్కడ రోస్ట్ అని ఒక పగడపు దిబ్బ ఉంది, 2002లో కనుక్కున్నారు, 300 నుంచి 400 మీటర్ల లోతు, ఎండ అసలు చేరని చల్లటి నీళ్ళు, దాదాపు 35 కిలోమీటర్ల పొడవు. ఈ రకం దిబ్బలు కట్టే పగడం పేరు లోఫీలియా. దాని కొమ్మల మధ్య యూనిస్ అనే పురుగు కాపురముంటుంది. పురుగు ముందు పల్చటి తోలులాంటి గొట్టం కట్టుకుంటుంది, పగడం దాని మీద సున్నం పేర్చుకుంటూ పోతుంది, చివరికి పురుగు ఇల్లు పగడంలో కలిసిపోతుంది. పైగా ఈ పురుగు పగడం పట్టుకున్న తిండిని దొంగిలిస్తుంది. ఇంతవరకే చూస్తే పగడానికి నష్టమే కదా, పరాన్నజీవి అని రాసి వదిలేస్తాం. కానీ 2013లో రెంటినీ ట్యాంకుల్లో పెంచి చూస్తే, పురుగు ఉన్నప్పుడు పగడం సున్నం పేర్చే వేగం నాలుగు రెట్ల దాకా పెరిగింది. అంతకుముందు అక్వేరియంలో ఇంకోటి కూడా గమనించారు, ఈ పురుగులు విడివిడిగా పడున్న పగడపు ముక్కల్ని లాగి ఒకచోట చేరుస్తున్నాయి, అలా చేరినవి గొట్టాల చుట్టూ పెరిగే సున్నంతో అతుక్కుపోతాయి. అంత పెద్ద దిబ్బ గట్టిగా నిలబడటంలో ఆ పురుగు వాటా కూడా ఉందని నేను నమ్ముతున్నా.

అట్లాంటిక్‌లో నీళ్ళ కింద ఉండే కొండల మీద ఇంకో జంట ఉంది, ఒక పగడానికి ఒకే ఒక్క బ్రిటిల్ స్టార్ (సన్నటి పొడవాటి చేతులుండే, నక్షత్రం ఆకారం జీవి), చిన్న పగడం మీద చిన్నది, పెద్ద పగడం మీద పెద్దది, చూస్తుంటే జీవితాంతం కలిసే ఉంటాయనిపిస్తుంది.

వీటన్నిట్లో తిండి కంటే పెద్ద సమస్య చోటు. పట్టుకోడానికి గట్టిగా ఏదో ఒకటి కావాలి. మన దేశానికి దీంతో నేరుగా సంబంధం ఉంది, ఎందుకంటే హిందూ మహాసముద్రం మధ్యలో 75,000 చదరపు కిలోమీటర్ల అడుగుభాగంలో ఖనిజాల ముద్దలు వెతకడానికి 2002 నుంచి మనకి కాంట్రాక్ట్ ఉంది, చెన్నైలో మత్స్య 6000 అనే ముగ్గురు కూర్చునే సబ్‌మెర్సిబుల్, అంటే లోతు సముద్రంలోకి దిగే వాహనం కూడా తయారు చేస్తున్నారు. ఆ బురద మైదానాల్లో స్పాంజ్‌లకి, పగడాలకి అతుక్కోడానికి దొరికే గట్టి నేల చాలాచోట్ల ఆ ముద్దలే. అవి పది లక్షల ఏళ్ళకి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. ముద్దలు తవ్వితే ఏమవుతుందో తెలుసుకోడానికి పెరూ దగ్గర 1989లో ప్రయోగంగా అడుగుని దున్ని చూశారు, 26 ఏళ్ళ తర్వాత వెళ్తే చాళ్ళు అలాగే ఉన్నాయి.

మన సైంటిస్టులు అక్కడికి దిగుతున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, చూడకుండా ఏదీ తెలీదు కాబట్టి. నేను గట్టిగా అడిగేది ఒకటే. ముద్ద పైకి తీసే ముందు దాని మీద ఏముంది, ఆ ఉన్నదాని మీద ఇంకేముంది, ఉన్నచోటే దగ్గర్నుంచి వీడియో తీయాలి, జాతుల లిస్టుతో పాటు ఎవరు ఎవరి మీద ఉన్నారో ఆ లెక్క కూడా రిపోర్టులో ఉండాలి, అది మనందరికీ అందుబాటులో ఉండాలి.