చెరువు గట్టు ఎవరిది?

మన విజయనగరం మేయరు గారికీ, జిల్లా పరిషత్ పెద్దలకీ, కార్పొరేటర్లకీ, వెనక వరసలో కూచున్న మా నాటకాలవాళ్ళకీ నమస్కారం.

నాకు మైకు ముందు నిలబడ్డం అలవాటు లేదు. ఇరవై ఏళ్ళుగా నా చోటు జనరేటర్ వ్యాను పక్కన. సినిమా యూనిట్లు ఈ వైపు వస్తే లోకల్ మేనేజరుగా చేస్తాను. పెంకుటిల్లు చూపించాలి, మెస్సుకి చెప్పాలి, ఎడ్లబండి కావాలంటే తెల్లారేసరికి ఎడ్లతో సహా నిలబెట్టాలి.

కొన్నేళ్ళ కిందట ఒక చిన్న యూనిట్ వచ్చింది. పెద్ద హీరో లేడు, ముప్పైమంది మనుషులు, నాలుగు రోజుల కాల్షీట్లు. డైరెక్టరుకి ఊరి బయట చెరువు గట్టు నచ్చింది. తాటిచెట్ల వరస, దాని మీద సాయంత్రం పడే నీరెండ. సరే, పర్మిషన్‌కి బయల్దేరాను. మొదటి ఆఫీసులో గట్టు మాది కాదు, పక్కవాళ్ళది అన్నారు. పక్కవాళ్ళు నీళ్ళు మావి గానీ గట్టు కాదన్నారు. మూడోచోట కాగితం తీసుకున్నారు, సంతకం పెట్టాల్సినాయన క్యాంపుకి వెళ్ళారు. రెండు సాయంత్రాలు యూనిట్ అంతా గట్టు కింద చాపలేసుకుని కూచుంది. మూడోరోజు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ సీను హైదరాబాదు దగ్గర ఎక్కడో తీశారు, ఒడ్డున మన ఊరి పేరుతో బోర్డు పాతి. సినిమాలో చూశాను. బోర్డు మీద అక్షరాలు మాత్రం బాగానే రాశారు.

ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ కసురుకోలేదు. అందరూ కుర్చీ వేసి కూచోబెట్టారు. అడగాల్సినచోటు ఏదో ఎవరికీ తెలీదు, అంతే. నేను అడుగుతున్నది ఆ చోటు. స్టూడియో వద్దు, సబ్సిడీ వద్దు. విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, మూడు జిల్లాలకీ కలిపి ఒక ఫిల్మ్ ఆఫీసు. ఒక గది, ఇద్దరు మనుషులు, ఫోనెత్తే ఓపిక.

ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలో, యూటా రాష్ట్రంలో మోయాబ్ అని ఎర్రరాళ్ళ మధ్య చిన్న ఊరుంది. 1949లో హాలీవుడ్ డైరెక్టరు జాన్ ఫోర్డ్ అక్కడ సినిమా తీస్తున్నప్పుడు జార్జ్ వైట్ అనే పశువుల ఆసామి పూనుకుని అక్కడ ఫిల్మ్ కమిషన్, అంటే ఇలాంటి ఆఫీసే, పెట్టించాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. మన కేంద్ర ప్రభుత్వం ఫిల్మ్ ఫెసిలిటేషన్ ఆఫీసు తెరిచింది 2015లో. రాష్ట్రానికి ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఎలాగూ ఉంది. వాళ్ళ పని వాళ్ళు చేస్తారు. కానీ ఆ చెరువు గట్టు ఎవరిదో వాళ్ళకేం తెలుస్తుంది? అది ఇక్కడివాళ్ళకే తెలియాలి. రోడ్డు, పార్కు, సంత, కమ్యూనిటీ హాలు మీ చేతిలోవే కదా. వాటికి మీరే రెండ్రోజుల్లో ఔననో కాదనో చెప్పొచ్చు. పోలీసు, అటవీశాఖ, రైల్వే, పురావస్తు శాఖ అయితే ఆ కాగితం ఈ ఆఫీసే పంపి, ఈ ఆఫీసే వెంటపడాలి.

ముందు కాలువల్లో పూడిక తీయించండి, సినిమాలెందుకు అని ఒకాయన బయట అన్నారు. న్యాయమే. కానీ ఇప్పుడేం జరుగుతోందో చూడండి. విశాఖ మనకి అరవై కిలోమీటర్లు. యూనిట్ అక్కడ హోటల్లో దిగి, పొద్దున్న మన ఊరొచ్చి, మన దుమ్ము తిని, సాయంత్రం అక్కడికే పోతోంది. మనకి మిగిలేది టీ డబ్బులు, విస్తరాకులు. లాడ్జీ, మెస్సు, వడ్రంగి, దర్జీ, కారు డ్రైవరు, వీళ్ళ పేర్లతో ఒక జాబితా ఉంటే యూనిట్‌వాళ్ళ బేటా, అదే రోజుబత్తెం, కొంత ఇక్కడే ఖర్చవుతుంది. పూడిక సంగతీ అందులోనే ఉంది. డిపాజిట్ కట్టించుకోండి, చెత్త ఎత్తకుండా వెళ్తే తిరిగివ్వకండి.

జాబితాలో ఇంకొకటి ఉండాలి, దాని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. మన యాస. సినిమాల్లో వాచ్‌మన్‌కి, పనిమనిషికి, నవ్వించడానికొచ్చే పాత్రకి మన మాట పెడతారు. పలికేవాడు ఏ జిల్లావాడో! ప్రతి వాక్యం చివరా ఒక ‘ఏటి’ తగిలిస్తే సిక్కోలు అయిపోయిందనుకుంటాడు. మా అమ్మ ‘ఏటి’ అన్నప్పుడు ఒక్కోసారి కోపం, ఒక్కోసారి బెంగ, ఒక్కోసారి ఊరికే పిలుపు. అది చెప్పగలిగినవాళ్ళు మన నాటక సమాజాల్లో ఉన్నారు, తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళలో ఉన్నారు. వాళ్ళ ఫోన్ నంబర్లు ఎవరి దగ్గరా లేవు.

కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది ఈ ఊళ్ళోనే. 1919లో పెట్టిన సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల గారు ఇక్కడ మధూకరం ఎత్తి చదువుకున్నారు. సుశీలమ్మ ఈ ఊరి పిల్ల. సాలూరి రాజేశ్వరరావు గారిది సాలూరు దగ్గర శివరామపురం. ఇక్కడున్న రెవెన్యూ వారికి ఒక మాట: 1980లో శంకరశాస్త్రిగా తెర మీదికొచ్చిన జె.వి.సోమయాజులు గారు మీ శాఖలో డిప్యూటీ కలెక్టరు. ఇంతమందిని పంపాం. పంపడమే గానీ పిలిచింది లేదు.

అలాగని వచ్చినవాళ్ళకి అన్నీ ఒప్పుకోమనడం లేదు. ఎండాకాలం ముందర శ్రీకాకుళం తీరంలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుతురు చూసి సముద్రం అనుకుని లైట్ల వైపు పాకుతాయి. అప్పుడు రాత్రి షూటింగ్ కుదరదని చెప్పే మనిషి కావాలి. సిరిమానోత్సవం రోజు జనంలో డ్రోన్ ఎగరేస్తామంటే వద్దనాలి. గిరిజన గూడేనికి వెళ్తే ముందు ఊరి పెద్దల్ని అడగమనాలి. ఇప్పుడైతే ఔననేవాడూ లేడు, కాదనేవాడూ లేడు.

నేనూ, ఇద్దరు ఫోటోగ్రాఫరు కుర్రాళ్ళూ కలిసి నలభై చోట్ల ఫోటోలు తీశాం. బొబ్బిలి కోట బయట, తాటిపూడి నీళ్ళు, చింతపల్లి బీచ్, కళింగపట్నం లైట్‌హౌసు. ఒక్కో చోటు ఎండాకాలం ఎలా ఉంటుంది, వానాకాలం ఎలా ఉంటుంది, వ్యాను ఎంతవరకు వెళ్తుంది, ఎవర్ని అడగాలి, అన్నీ రాశాం. ఆ ఫైలు ఇదిగో, మేయరు గారి బల్ల మీద పెడుతున్నాను. అందులో ముప్పైయొకటో పేజీ ఆ చెరువే. ఎవర్ని అడగాలి అన్న గడి ఒక్కటీ ఖాళీగా వదిలేశాం.

గది కూడా చూసే వచ్చాను. ఈ భవనంలోనే, మెట్ల కింద. విరిగిన కుర్చీలు పెట్టి తాళం వేశారు. తాళంచెవి అటెండరు దగ్గరుంది, అడిగాను.