ఆరుగురూ నువ్వే

అందరికీ నమస్కారం. ‘దర్శకుడి బాధ్యతలు’ మీద మాట్లాడమని నన్ను పిలిచారు. బాధ్యతలన్నీ వరసపెట్టి చెప్పడం నాకు చేతకాదు. నేను చాలా ఏళ్లు చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. రిహార్సల్‌లో నటుడికి చేసి చూపించడం.

నాటకం వేయడానికి మన దగ్గరికి వచ్చేవాళ్లు పగలంతా ఏదో ఒక పని చేసుకుని సాయంత్రం వచ్చే మనుషులు. డైలాగ్ పలకడం రాదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. షో దగ్గర పడుతుంటే మనకు టెన్షన్. అప్పుడు ‘ఇలా కాదు, చూడండి’ అని లేచి మనమే చేసేస్తాం. వాళ్లు చూసి అలాగే చేస్తారు. పని తొందరగా అయిపోతుంది కూడా, కాదనను. ఒకసారి షో అయ్యాక స్నేహితుడొకడు వచ్చి, “స్టేజీ మీద ఆరుగురున్నారు. ఆరుగురూ నువ్వే” అన్నాడు. మెచ్చుకున్నాడేమో అనుకుని ఇంటికి వెళ్లేదాకా సంతోషంగానే ఉన్నాను.

ఇది కొత్త జబ్బేం కాదు. జర్మనీలో మైనింగెన్ ప్రభువు రెండో గియోర్గ్ నడిపిన నాటక బృందం 1874 నుంచి 1890 దాకా యూరప్ అంతా తిరిగింది. వాళ్ల పేరు మారుమోగింది గుంపు సీన్ల వల్ల. అప్పటిదాకా గుంపంటే డ్రస్సులేసి నిలబెట్టిన జనం. వీళ్లు గుంపును చిన్న చిన్న జట్లుగా విడదీసి, ఒక్కో జట్టును ఒక్కో అనుభవమున్న నటుడికి అప్పగించారు. కొత్తవాళ్లు ఎక్కువగా ఉండే మన బృందాలకు ఇంతకంటే పనికొచ్చే చిట్కా నాకు ఇంకోటి దొరకలేదు. అయితే ఆ బృందాన్ని రిహార్సల్స్‌లో నడిపించిన క్రోనెక్ మహా కఠినుడు. 1890లో మాస్కోలో వాళ్ల నాటకాలు చూసిన ప్రసిద్ధ రష్యన్ దర్శకుడు స్తనిస్లావ్‌స్కీకి ఆ క్రమశిక్షణ తెగ నచ్చి, తనూ అలాగే నటుల మీద పెత్తనం చేశాడు. తర్వాత ఆత్మకథలో ఆ విషయం తనే ఒప్పుకున్నాడు. అంతటివాడికే తప్పలేదు మరి!

చేసి చూపించకుండా ఎలా? నటుడికి భావం చెప్పకండి, పని చెప్పండి. ‘కోపంగా అనండి’ అంటే గొంతు పెరుగుతుంది, అంతే. ‘అతన్ని గుమ్మం దాటనివ్వకండి’ అనండి. అప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న సందేహం ఉండదు, కాళ్లు వాటంతటవే కదులుతాయి. కోపం వస్తుందా రాదా అనేది వాళ్ల ఇష్టం. కొన్నిసార్లు కోపం బదులు బతిమాలడం వస్తుంది, అదే బాగుంటుంది. డైలాగ్ అందించే మనిషికి కూడా ఒక మాట చెప్పి ఉంచండి. నటుడు ఆగిన ప్రతిసారీ మరిచిపోయినట్టు కాదు.

రిహార్సల్ టైముల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏ సీన్లో ఎవరున్నారో పట్టిక వేసుకుని, వాళ్లనే రమ్మనండి. మూడు గంటలు ఊరికే కూర్చున్న మనిషి మర్నాడు రాడు, రాకపోతే తప్పు అతనిది కాదు.

మన నాటకానికి ఇంకో చిక్కుంది. చూసేవాళ్లు నటులకు తెలిసినవాళ్లు. వృత్తి నటుడు మేకప్ తుడుచుకుని వెళ్లిపోతాడు. మనవాళ్లు మర్నాడు పొద్దున అదే ప్రేక్షకుల మధ్య తిరగాలి. ఒకావిడ రిహార్సల్‌లో ఒక డైలాగ్ దగ్గర ప్రతిసారీ ఆగిపోయేది. మరిచిపోతోందనుకుని నేనే గట్టిగా అందించేవాణ్ని. వారం తర్వాత పక్కకు పిలిచి, “ఈ మాట నేను ఇంట్లో పడ్డానండీ, వాళ్లంతా ముందు వరసలో కూర్చుంటారు” అంది. నటనే కదా అని సర్దిచెప్పబోయి ఆగాను. ఆ డైలాగ్ ఇంకో పాత్రకు ఇచ్చేశాం. నాటకం ఏమీ చెడలేదు. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్ 1970లలో రూపొందించిన ఫోరం థియేటర్‌లో ప్రేక్షకుడే లేచి వచ్చి, నటుడి స్థానంలో నిలబడి కథను మార్చి చూడొచ్చు. చూసేవాళ్ల బతుకే స్టేజీ మీద ఉన్నప్పుడు కొత్తగా చెప్పగలిగేది వాళ్లేనన్నది అందులోని లెక్క. ఆ పద్ధతి మీకు కుదరకపోయినా ఫర్వాలేదు. ముందు మీ నటుల్లో ఎవరు ఏ మాట దగ్గర ఆగుతున్నారో గమనించండి.

రిటైరైన పెద్దాయన ఒకరు మా బృందంలో ఉండేవారు. కొడుకు ఇల్లు వదిలి వెళ్లిపోయే సీన్లో తండ్రి పాత్ర. అంతకుముందు నాటకంలో ఆయనకు ఏడవడం చేసి చూపించాను. అచ్చం నాలాగే ఏడ్చి అందరినీ నవ్వించారు పాపం. ఈసారి ఏమీ చూపించలేదు. కొడుకు చొక్కా చేతికిచ్చి, “మాట్లాడుతూ ఇది మడతపెట్టండి, చాలు” అన్నాను. షో రోజు చివరి వరసలో కూర్చుని చూస్తున్నాను. డైలాగ్ అయిపోయింది, కొడుకు వెళ్లిపోయాడు. ఆయన మడతపెట్టిన చొక్కా విప్పి, మళ్లీ మొదటినుంచి నెమ్మదిగా మడతపెట్టారు. హాల్లో చప్పుడు లేదు. అది నేను చెప్పింది కాదు. తెర పడ్డాక వెళ్లి, ఎందుకలా చేశారని అడిగాను.

“మడత సరిగ్గా పడలేదు బాబూ” అన్నారు.