ఆవ్ అంటే నీళ్లు: గుండె ఆపరేషన్‌కు వచ్చే కుర్దు పిల్లలు, వారి కుటుంబాలు

సభలోని పెద్దలకు, నర్సింగు విద్యార్థినులకు, రోగుల కుటుంబాలకు తోడుగా ఉండడానికి పేర్లిచ్చిన సేవకులందరికీ నమస్కారం.

గుండె ఆపరేషన్ అయిన పిల్లలకు వెంటిలేటర్ తీసేశాక, గొట్టం రాపిడికి బొంగురుపోయిన గొంతుతో వాళ్లు మొదట అడిగేది చాలాసార్లు నీళ్లే. ఇరాక్ నుంచి వచ్చిన ఒక కుర్దు పిల్లవాడు ఆ స్థితిలో "ఆవ్, ఆవ్" అని ఏడుస్తుంటే, నొప్పితో మూలుగుతున్నాడనుకొని నొప్పిమందు మోతాదు గురించి మాట్లాడుకున్న నర్సులలో నేనూ ఉన్నాను. కుర్దిష్‌లో ఆవ్ అంటే నీళ్లు. ఆ మాట మాకు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి, అతని తల్లి, తలుపు అవతల వరండాలో ఉంది. ఆ రోజు నుంచి నాకు ఒక విషయంలో సందేహం లేదు: బిడ్డ మాట, తల్లి మాట అర్థం చేసుకోవడం చికిత్సకు పైన చేర్చే మర్యాద కాదు, అది చికిత్సలో భాగం. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది.

ముందుగా ఈ కుటుంబాలు ఎవరో తెలుసుకుందాం. తుర్కియే, ఇరాక్, ఇరాన్, సిరియా దేశాల మధ్య విస్తరించిన కొండ ప్రాంతాల్లో కోట్ల సంఖ్యలో ఉన్నా, తమదంటూ ఒక దేశం లేని జాతి కుర్దులది. వారిలో ఇరాక్ ఉత్తర భాగాన, ఎర్బిల్ రాజధానిగా సొంత ప్రాంతీయ ప్రభుత్వం ఉన్న కుర్దిస్తాన్ నుంచి వచ్చే పిల్లల గురించే నేను ప్రధానంగా మాట్లాడుతున్నాను. సులేమానియా, దుహోక్, హలబ్జా అనే ఊర్ల పేర్లు మీరు కేసు కాగితాల మీద చూస్తారు. హలబ్జా పేరు చూసినప్పుడు ఒక్క క్షణం ఆగండి. 1988 మార్చి 16న సద్దాం హుస్సేన్ సైన్యం ఆ పట్టణం మీద రసాయన బాంబులు వేసినప్పుడు దాదాపు 5,000 మంది చనిపోయారు. అక్కడి అమ్మమ్మలు, నానమ్మలు ఆ రోజును కళ్లారా చూసి బతికినవాళ్లు.

భాష సంగతి కూడా ఈ చరిత్రలోనే ఉంది. ఇరాక్ అనగానే మనం అరబ్బీ దుబాసీని పిలుస్తాం. బార్కస్ వంటి పేట ఉన్న హైదరాబాదులో అరబ్బీ తెలిసినవారిని వెతకడం కష్టమూ కాదు. కానీ 1991 తరువాత కుర్దిస్తాన్ పాలన కుర్దుల చేతికి వచ్చి, బడుల్లో చదువు ప్రధానంగా కుర్దిష్‌లోనే సాగడం వల్ల, ఆ తరువాత పెరిగిన తరంలో చాలామందికి అరబ్బీ సరిగా రాదు. చంటిబిడ్డల తల్లులు సరిగ్గా ఆ తరం వాళ్లే. అరబ్బీలో చెప్పినదానికి ఆమె తల ఊపితే అర్థమైందని అనుకోవద్దు. పెద్ద డాక్టరు ముందు కాదనలేక తల ఊపడం మన పల్లెల తల్లులకూ తెలిసిన పనే. పైగా కుర్దిష్ కూడా ఒకటే రూపంలో ఉండదు. సులేమానియా, ఎర్బిల్, హలబ్జా వైపు సోరానీ మాట్లాడితే, దుహోక్ వైపు కుర్మాంజీలో ఒక యాస అయిన బాదినీ మాట్లాడతారు. ఒకరి మాట మరొకరికి కొంతవరకే అందుతుంది. అందుచేత కేసు కాగితంలో దేశం పేరు ఒక్కటే రాస్తే చాలదు, ఊరు, మాండలికం రెండూ రాయాలి.

జబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను, ఇక్కడ చాలామందికి తెలిసినదే. పుట్టే ప్రతి 100 మంది బిడ్డల్లో సుమారు ఒకరికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఇది కుర్దిస్తాన్‌లోనూ మన దగ్గరా దాదాపు ఒకటే. తేడా అంతా ఎప్పుడు కనిపెట్టారు, ఎప్పుడు సరిచేశారు అన్నదానిలోనే వస్తుంది. కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉన్న బిడ్డకు మొదటి ఏడాదిలోపే ఆపరేషన్ జరగాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోయి, ఇక రంధ్రం మూయడమే ప్రమాదమయ్యే దశ వస్తుంది. గుండెలో నాలుగు లోపాలు కలిసి ఉండే టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే జబ్బు ఉన్న బిడ్డ నీలిపెదవులతో, నాలుగడుగులు నడిచి గొంతుక్కూర్చుంటూ కొన్నేళ్లు నెట్టుకురావచ్చు. ప్రధాన రక్తనాళాలు రెండూ తారుమారైన బిడ్డకు మాత్రం అంత వ్యవధి లేదు. ఆ ఆపరేషన్ పుట్టిన మొదటి కొన్ని వారాల్లోనే జరగాలి. వేరే దేశం వెళ్లి ఆపరేషన్ చేయించుకునే కుటుంబం పాస్‌పోర్టు, వీసా, డబ్బు, విమానం సమకూర్చుకునేసరికి ఆ వారాలు దాటిపోతాయి. మన ముందుకు వచ్చే కుర్దు పిల్లల్లో ఫాలో బిడ్డలు కనిపించి, రక్తనాళాలు తారుమారైన బిడ్డలు కనిపించకపోవడానికి కారణం అక్కడ ఆ జబ్బు లేకపోవడం కాదు. వాళ్లు బయలుదేరేదాకా బతకలేదు.

అందుకే ఈ పిల్లల కోసం పనిచేసినవాళ్లు రెండు దారులు తొక్కారు. మొదటిది, బిడ్డను ఆపరేషన్ ఉన్నచోటికి తీసుకుపోవడం. 2007లో సులేమానియాలో కొందరు అమెరికన్లు ప్రీఎంప్టివ్ లవ్ కొయలిషన్ అనే సంస్థను మొదలుపెట్టి, కుర్దులు చేత్తో అల్లే క్లాష్ అనే తెల్లటి చెప్పులు విదేశాల్లో అమ్మి, ఆ డబ్బుతో పిల్లలను ఆపరేషన్లకు పంపారు. 1994లో మొదలైన శెవెత్ అఖీమ్ అనే క్రైస్తవ సంస్థ ఇరాకీ కుర్దు పిల్లలను, గాజా పిల్లలను ఇజ్రాయెల్ ఆసుపత్రులకు చేర్చింది. అక్కడి హోలోన్ నగరంలోని వోల్ఫ్‌సన్ ఆసుపత్రి కేంద్రంగా 1995 నుంచి పనిచేస్తున్న సేవ్ ఎ చైల్డ్స్ హార్ట్ అనే సంస్థ వైద్యులు ఎన్నో దేశాల పిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు చేశారు. శత్రుదేశాలుగా చెప్పుకునే నేలల తల్లులు ఒకే ఇంట్లో ఉండి, ఒకరి బిడ్డ ఆపరేషన్ థియేటర్‌లో ఉండగా మరొకరు టీ కాచి ఇచ్చారంటే, ఆ సంగతి నాకు చాలా పెద్దదిగా తోస్తుంది.

ఆ దారి ఎంత బలహీనమైనదో కూడా చెప్పాలి. 2017 సెప్టెంబరులో కుర్దిస్తాన్ స్వాతంత్ర్యం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన తరువాత బాగ్దాద్ ప్రభుత్వం ఎర్బిల్, సులేమానియా విమానాశ్రయాల నుంచి విదేశీ విమానాలను ఆపేసింది. 2018 మార్చి దాకా అవి తిరిగి ఎగరలేదు. 2022 మేలో ఇరాక్ పార్లమెంటు ఇజ్రాయెల్‌తో ఎలాంటి సంబంధాన్నైనా మరణశిక్ష దాకా పోగల నేరంగా మార్చే చట్టం చేసింది. పెద్దల తగాదాల్లో ఎవరిది న్యాయమన్నది ఈ సభ తేల్చేది కాదు. ఆ తేదీలు ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న ఒక ఇంటి మీద ఎలా పడ్డాయో మాత్రం మనం ఊహించగలం.

రెండో దారి, ఆపరేషన్‌నే బిడ్డ దగ్గరకు తీసుకుపోవడం. శస్త్రవైద్యుడు విలియం నోవిక్ బృందం 2010లో సులేమానియా వెళ్లి ఆపరేషన్లు చేస్తూనే అక్కడి వైద్యులకు, నర్సులకు శిక్షణ ఇచ్చింది. నా దృష్టిలో ఇదే మేలైన దారి. ఇందులో తల్లి తన భాష వినిపించే చోటే ఉంటుంది, తండ్రి పని మానుకోనక్కరలేదు, తాతయ్య సాయంత్రం వచ్చి చూసిపోగలడు, ఆరు నెలల తరువాత జ్వరం వస్తే ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించవచ్చు. కాకపోతే ఒక శస్త్రవైద్యుడు తయారైనంత మాత్రాన విభాగం తయారైనట్టు కాదు. పిల్లల ఐసీయూలో రాత్రంతా మెలకువతో ఉండే నర్సులు తయారు కావడానికే ఎక్కువ కాలం పడుతుంది. అది పూర్తయ్యేదాకా మొదటి దారిలో వచ్చే పిల్లలు వస్తూనే ఉంటారు.

ఇక ఆ తల్లి సంగతి. వీసా వల్లో ఖర్చు వల్లో చాలాసార్లు ఒక్కరే బిడ్డ వెంట వస్తారు. మిగతా పిల్లలను అత్తగారి దగ్గర వదిలి, ఎన్నడూ ఊరు దాటని మనిషి ఒక్కతే వచ్చి, ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేయాలి. అక్కడ పెద్ద నిర్ణయాలు ఇంటిల్లిపాదీ కలిసి తీసుకుంటారు. మామగారో పెద్ద బావగారో సరే అనాలి. కాబట్టి ఫోన్‌లో వీడియో పెట్టి, డాక్టరు చెప్పేది ఇంట్లోవాళ్లందరూ ఒకేసారి వినేటట్టు చూడండి. అరగంట పోయినా ఫరవాలేదు. అలా చేయకపోతే ఆ తల్లి డాక్టరు మాటను తన భుజాల మీద మోసుకుంటూ, తానే ఇంటికి వివరించి, తానే జవాబుదారీ కావలసి వస్తుంది.

ఆమె మనసులో ఒక ప్రశ్న ఉంటుంది, అడగకపోవచ్చు. ఇది నా వల్ల వచ్చిందా? కుర్దిస్తాన్‌లో దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఎక్కువ, మన మేనరికాల లాగే. అలాంటి పెళ్లిళ్ల వల్ల పుట్టుకతో వచ్చే గుండె లోపాల అవకాశం కొంత పెరుగుతుందన్నది నిజమే. హలబ్జా కుటుంబాలైతే ఆ విషవాయువే కారణమా అని అడుగుతాయి. ఎదురుగా ఉన్న ఒక్క బిడ్డ గుండెకు ఫలానాది కారణమని వేలు పెట్టి చూపడం చాలాసార్లు సాధ్యం కాదు. గ్రహణం రోజున కత్తిపీట ముట్టుకున్నందుకే బిడ్డకు మొర్రి వచ్చిందని మన కోడళ్లను ఎంతకాలం ఏడిపించామో గుర్తు చేసుకుంటే, ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి ఆ తల్లికి మేనరికం మీద పాఠం చెప్పకూడదని మనకే తెలుస్తుంది. "నువ్వు చేసిన తప్పు ఏదీ లేదు" అన్న మాట మాత్రం సోరానీలోనో బాదినీలోనో ఎవరిచేతనైనా స్పష్టంగా చెప్పించండి. మరుసటి కాన్పు గురించిన సలహా బిడ్డ కోలుకున్నాక, తండ్రి కూడా ఉన్నప్పుడు ఇవ్వవచ్చు.

ఆపరేషన్ అయ్యాక ఆమె ఐసీయూలో చూడబోయేది ఆమెకు ముందే తెలియాలి. నోట్లో గొట్టం, ఛాతీ నుంచి రక్తం కారే డ్రెయిన్లు, పొట్ట మీదుగా వచ్చే పేస్‌మేకర్ తీగలు, ఉబ్బిన ముఖం, కదలకుండా కట్టిన చేతులు. వీటిని బొమ్మ వేసి చూపించాలి, మందుల మత్తులో ఉన్నాడు కాబట్టి నొప్పి తెలియదని చెప్పాలి. ఉబ్బు తగ్గుతుందని ముందే వినని తల్లి ఆ ముఖం చూసి, ఇది నా బిడ్డ కాదని వెనక్కి వచ్చేయడం నేను చూశాను. అదే తల్లికి నీలిగా ఉండే గోళ్లు గులాబీ రంగుకు తిరగడం చూపిస్తే, వెంటిలేటర్ అంకెలు వంద చెప్పినా రాని ధైర్యం వస్తుంది.

మళ్లీ నీళ్ల దగ్గరకు వస్తాను. ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషిన్ మీద ఉండి వచ్చిన శరీరంలో నీరు చేరుతుంది, గుండె ఆ భారం మోయలేదు, అందుకే కొద్ది రోజులు ద్రవాలను మిల్లీలీటర్లలో కొలిచి ఇస్తాం. బిడ్డ ఆవ్ అని అడుగుతుంటే ఇవ్వకుండా కూర్చోవడం కన్నా కష్టమైన పని తల్లికి మరొకటి లేదు. కారణం చెప్పకపోతే మనం క్రూరులమనుకొని చాటుగా తాగిస్తుంది, ఆమె తప్పు కూడా కాదది. కారణం చెప్పి, కొలతగిన్నె ఆమె చేతికే ఇచ్చి, తడి దూదితో పెదవులు అద్దే పని ఆమెకు అప్పగిస్తే, ఆమే మన వార్డులో అందరికన్నా నిక్కచ్చిగా లెక్క రాస్తుంది. ద్రవాల కట్టుబాటు సడలిన రోజున ఏం ఇవ్వాలో కూడా ఆమెనే అడగండి. మన పప్పుచారు కారం ఆ పిల్లల నోటికి పడదు. వాళ్లకు కావలసింది రొట్టె, పెరుగు, మాస్తావ్. మాస్తావ్ అంటే మన మజ్జిగే. నాన్ అన్నా, దిల్ అన్నా హైదరాబాదు వాళ్లకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. కుర్దిష్‌లోనూ అవి రొట్టె, గుండె.

బిడ్డ దక్కని సందర్భాలు ఉంటాయి. దాని గురించి మాట్లాడకుండా ఈ వేదిక దిగలేను. ముస్లిం కుటుంబంలో వీలైతే ఆ రోజే ఖననం జరగాలి; పరాయి దేశంలో శవాన్ని పంపే కాగితాలకు రోజులు పడతాయి. ఆ రోజుల్లో తల్లిని ఒక్క క్షణం ఒంటరిగా వదలకూడదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పే బాధ్యత ఆమె మీద పెట్టకూడదు. శుద్ధిస్నానం చేయించడానికి మసీదు పెద్దలను, ఆ తల్లికి తోడుగా ఆడవాళ్లను పిలవాలి. కుటుంబం యజీదీ మతస్థులో క్రైస్తవులో అయితే వాళ్ల ఆచారం వేరు, అడిగి తెలుసుకోవాలి. రాయబార కార్యాలయం కాగితాల వెంట తిరగడానికి ఒక మనిషిని ఆ క్షణం నుంచే కేటాయించాలి. 2007లో ఆరోగ్యశ్రీ రాకముందు చంటిబిడ్డ ఆపరేషన్ కోసం సహాయనిధి అర్జీ పట్టుకొని సచివాలయం చుట్టూ తిరిగిన మన తల్లిదండ్రులను ఎరిగినవాళ్లు ఈ హాలులో ఉన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి చేతిలో కాగితం ఎంత బరువు ఉంటుందో వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

కోలుకున్న బిడ్డ ఇంటికి వెళ్లేటప్పుడు మన పని సగమే అయినట్టు. కోసి కుట్టిన రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందాకా చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు, ఒక చేయి వీపు కింద, ఒక చేయి పిరుదుల కింద ఉంచి ఎత్తాలి. ఈ మాట తల్లికి చెబితే సరిపోదు. విమానాశ్రయంలో మొదట ఎత్తుకునేది మేనమామో నానమ్మో అవుతారు కాబట్టి వీడియోలో వాళ్లకే చూపించండి. 2014 ఆగస్టులో ఇరాక్ ఉత్తరాన ఉన్న సింజార్ మీద ఐసిస్ దాడి తరువాత కట్టుబట్టలతో వచ్చిన యజీదీ కుటుంబాలు దుహోక్ చుట్టుపక్కల గుడారాల్లో ఏళ్ల తరబడి బతికాయి. బిడ్డ వెళ్లేది దుమ్ము, బురద ఉన్న శిబిరానికా, ఇంటికా అన్నది తెలుసుకున్నాకే పుండు కట్టు గురించి చెప్పాలి. కృత్రిమ కవాటం పెట్టిన బిడ్డకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మోతాదు రక్తపరీక్షను బట్టి మారుతుంటుంది, ఆ పరీక్ష దగ్గరలో ఎక్కడ చేస్తారో డిశ్చార్జికి ముందే తేల్చుకోవాలి. ఫాలో బిడ్డకు పెద్దయ్యాక మరో కవాటం అవసరం రావచ్చు; "పూర్తిగా నయమైపోయింది" అని పంపితే పదిహేనేళ్ల తరువాత వాళ్లు ఏ డాక్టరు దగ్గరకూ వెళ్లరు. డిశ్చార్జి కాగితం ఆంగ్లంలో అక్కడి డాక్టరు కోసం, సూర్యుడు చంద్రుడు బొమ్మలతో మందుల పట్టీ తల్లి కోసం, రెండూ పంపాలి. ఏడో రోజున, నెల రోజులకు, ఆరు నెలలకు ఫోన్ చేసే మనిషి ఎవరో పేరు రాసుకోవాలి. ఆ ఫోన్ కుర్దిష్‌లో వెళ్లాలి.

మీ కుర్చీల మీద పెట్టిన కాగితంలో ఇరవై కుర్దిష్ మాటలు తెలుగు లిపిలో ఉన్నాయి. ఎడమ వరుసలో సోరానీ, కుడి వరుసలో బాదినీ. మొదటిది నీళ్లు, రెండోది నొప్పి. దుహోక్ నుంచి చదువుకోవడానికి మన నగరానికి వచ్చిన ఒక విద్యార్థిని దయతో ఇక్కడికి వచ్చారు. ఆమె ఒక్కొక్క మాట పలుకుతారు, మనం ఆమె వెంట పలుకుదాం.