నీళ్లలో గేదె బేరం

శ్రోతలకు నమస్కారం.

నీళ్లలో ఉన్న గేదెకు బేరమాడకూడదని మన పల్లెల్లో ఒక మాట ఉంది. పైకి కొమ్ములు, వీపు కనబడతాయి. కుంటిదో, పొదుగు ఎండిపోయిందో గట్టెక్కితే గాని తెలియదు. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్న నా మిత్రుడొకరు రెండేళ్ల కిందట అచ్చం అలాంటి బేరమే చేశారు. ఆయన కొన్నది 1971 నాటి షెవర్లే నోవా కారు.

మామూలు సంసారపు కారు ఒంట్లో పెద్ద వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పెడితే అక్కడివాళ్లు దాన్ని మజిల్ కారు అంటారు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓతో ఆ మోజు ఊపందుకుంది. పదేళ్లయినా తిరగకముందే బీమా ఖర్చులు, పొగ నిబంధనలు, 1973 చమురు సంక్షోభం దాన్ని చల్లార్చాయి. కార్లు మాత్రం మిగిలాయి, చేతులు మారాయి. కొన్న ప్రతివాడూ ఇంజిన్‌లో ఏదో ఒకటి మార్చాడు, ఏం మార్చాడో రాసిపెట్టినవాడు అరుదు.

మా మిత్రుడికి అమ్మినవాడు చెప్పింది ఒక్క మాటే: "350 ఇంజిన్, లోపల క్యామ్ మార్చారు." 350 అంటే ఘనపు అంగుళాల్లో ఇంజిన్ పరిమాణం. క్యామ్ అంటే కవాటాలను తెరిచే ఇరుసు. ఎవరు మార్చారు, ఏ క్యామ్ వేశారు అంటే భుజాలు ఎగరేశాడు. ఆ సంగతి తెలియకపోతే ఏ పెట్రోలు పోయాలో, నిప్పురవ్వ ఎప్పుడు పడేలా అమర్చాలో, ఏ విడిభాగం కొనాలో తేలదు.

తనిఖీ ఖర్చులేని చోట మొదలుపెట్టారు. అద్దం కింద డాష్‌బోర్డు మీద 13 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ ఏడాది నోవాలకు అది 113తో మొదలైతే ఆరు సిలిండర్ల కారు, 114తో మొదలైతే వీ8. ఈయన కారుది 113! అంటే డెట్రాయిట్‌కు పడమర ఉన్న విల్లో రన్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు దాని గుండె వేరు.

తర్వాత ఇంజిన్ వెనక అంచు మీది జిడ్డు గీకితే పోత సంఖ్య బయటపడింది: 3970010. అది 350 ఇంజిన్లకు ఏళ్ల తరబడి వాడిన దిమ్మె, అంటే సిలిండర్లుండే ఇంజిన్ మొండెం. మరోపక్క పోత పోసిన తేదీ ఉంటుంది. నెలకు ఒక అక్షరం, ఆపైన రోజు, ఏడాదికి చివరి అంకె మాత్రమే. సి అంటే మార్చి, చివర 5. అంటే 1975. కారు కంటే ఇంజిన్ నాలుగేళ్లు చిన్నదన్నమాట.

ముందు భాగంలో, సిలిండర్ హెడ్ కింద, ఆ ఇంజిన్ ఏ బండి కోసం తయారైందో చెప్పే అక్షరాలు ఉండాలి. అక్కడ నున్నటి లోహం తప్ప ఏమీ లేదు. మా మిత్రుడు నిరాశపడ్డారు గానీ, నాకైతే ఆ ఖాళీయే పెద్ద సాక్ష్యం అనిపించింది. దిమ్మె పైభాగాన్ని యంత్రం మీద చెక్కినప్పుడు సాధారణంగా ఆ అక్షరాలు పోతాయి. అంటే దీన్ని ఎవరో పూర్తిగా విప్పి తిరిగి కట్టి ఉండాలి.

ఇక క్యామ్ సంగతి. కవాటాలు ఎప్పుడు, ఎంత తెరుచుకోవాలో నిర్ణయించేది అదే. పెద్ద క్యామ్ ఉన్న ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు గుర్రం గిట్టలు కొట్టినట్టు ఆగి ఆగి మోగుతుంది. చాలామంది ఆ శబ్దానికే డబ్బులు పోస్తారు. సైలెన్సర్ మారిస్తే బండి బలం పెరిగిందనుకునే మన కుర్రవాళ్లు గుర్తుకొస్తారు నాకు. ఒక సిలిండర్‌లో నిప్పురవ్వ పడకపోయినా ఇంజిన్ అలాగే తడబడుతుంది మరి!

అందుకే ఇంజిన్ గాలిని ఎంత గట్టిగా లాగుతుందో చూపే వాక్యూమ్ మీటరు తగిలించారు. మామూలు ఇంజిన్ అయితే ముల్లు 17, 21 అంగుళాల (పాదరసం కొలత) మధ్య నిలకడగా ఉంటుంది. ఇక్కడ 11 దగ్గర వణికింది. గాలి లీకయినా, నిప్పురవ్వ ఆలస్యమైనా ముల్లు పడిపోతుంది కాబట్టి ముందు ఆ రెండూ చూసుకున్నారు. తర్వాత పైమూత విప్పి, కవాటం ఎంత లేస్తుందో డయల్ గేజితో కొలిచారు. అప్పటి మామూలు 350 ఇంజిన్లలో గాలి తీసుకునే కవాటం 0.390 అంగుళం లేచేది. ఇది 0.480 లేచింది. ఈ ఒక్క విషయంలో అమ్మినవాడు నిజమే చెప్పాడు.

పిస్టన్ ప్రయాణం కొలవడం మాత్రం నవ్వులాటే అయింది. స్పార్క్ ప్లగ్ రంధ్రంలో కర్రపుల్ల పెట్టి, చేత్తో ఇంజిన్ తిప్పి, పుల్ల ఎంత కదిలిందో చూడాలి. రంధ్రం ఏటవాలుగా ఉండటంతో మూడుసార్లు కొలిస్తే మూడు లెక్కలు వచ్చాయి. పెద్దదైన 400 ఇంజిన్ క్రాంక్ (పిస్టన్లను నడిపే ఇరుసు) వేసి, పిస్టన్ ప్రయాణం పెంచి, 350ని 383గా మార్చడం అక్కడ పాత అలవాటు. అందుకే ఈ తిప్పలు. చివరికి అదే రంధ్రంలోంచి సన్నటి కెమెరా దించితే, మసి కింద పిస్టన్ నెత్తిన 30 అన్న అంకె కనిపించింది. సిలిండర్లను 0.030 అంగుళం వెడల్పు చేశారన్నమాట. కెమెరాతో పాటు పుల్ల దించి మళ్లీ కొలిస్తే ప్రయాణం మూడున్నర అంగుళాల లోపే తేలింది. ఆ లెక్కన ఇది 383 కాదు, 355.

కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ గాలిని, పెట్రోలును ఎంతగా నొక్కుతుందో, అది మిగిలిపోయింది. అది తేలాలంటే హెడ్ విప్పి, దహన గది ఘనపరిమాణం కొలవాలి. నడుస్తున్న ఇంజిన్‌ను విప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. నొక్కుడు ఎక్కువైతే మామూలు పెట్రోలు వేళకు ముందే అంటుకోవచ్చు, అందుకని దాన్ని తట్టుకునే ఖరీదైన 93 ఆక్టేన్ పెట్రోలే పోస్తున్నారు. కారు అరలో ఒక నోటుపుస్తకం పెట్టారు. కొలతలన్నీ తేదీలతో రాసి, కంప్రెషన్ గడిలో ప్రశ్నార్థకం వేశారు.

మొన్న ఒకాయన కారు కొంటానని వచ్చాడట. మిత్రుడు పుస్తకం చేతికిచ్చారు. ఆయన దాన్ని తెరవనే లేదు. ఇంజిన్ స్టార్ట్ చేయమని, ఆ గిట్టల చప్పుడు కాసేపు విని, ధర ఎంతని అడిగాడట.

నమస్కారం.