డిక్కీలో నవల, ఐప్యాడ్‌లో దర్శకుడి గొంతు

తమ్ముడు: మైక్ ఆన్‌లో ఉందక్కా. ఇవాళ కథ నా మంచం కింద కట్టల గురించి కాదు కదా?

అక్క: (నవ్వు) కాదులే. సొంత డబ్బులతో ఐదొందల కాపీలు వేయించుకుని, చుట్టాలకి పంచగా మిగిలినవి ఇంట్లో పెట్టుకున్నవాళ్లు మన దగ్గర ఊరికొకరు ఉంటారు. ఇవాళ చెప్పేది అమెరికా ఆవిడ గురించి. లీసా జెనోవా.

తమ్ముడు: స్టిల్ ఆలిస్ రాసినావిడ?

అక్క: ఆవిడే. హార్వర్డ్‌లో న్యూరోసైన్స్ పీహెచ్‌డీ చేసింది. గ్రాండ్‌మదర్‌కి అల్జైమర్స్, అదే జ్ఞాపకాలు చెరిగిపోయే జబ్బు, వస్తే, చదివిన చదువు కదా, ఆ జబ్బు మీద పేపర్లన్నీ తిరగేసింది. మెదడులో ఏం జరుగుతుందో తెలిసింది గానీ, ఆ మనిషికి లోపల ఎలా ఉంటుందో ఎక్కడా దొరకలేదట. అందుకని నవల మొదలుపెట్టింది. యాభయ్యేళ్ల ప్రొఫెసర్ ఆలిస్, చిన్న వయసులోనే వచ్చే అల్జైమర్స్. కథంతా ఆవిడ వైపు నుంచే.

తమ్ముడు: ఎవరూ వేయలేదు.

అక్క: అక్కడ పుస్తకాన్ని ప్రచురణకర్తల దాకా చేర్చేది ఏజెంట్లు. దాదాపు ఏడాది వాళ్లకి రాసి రాసి విసిగిపోయింది. సొంతంగా వేసుకుంటే నీ రచన అక్కడితో సరి అని ఒక ఏజెంట్ భయపెట్టాడని ఆవిడే చెప్పుకుంది. అయినా 2007లో వేసేసుకుంది. నెలల తరబడి కారు డిక్కీలో పెట్టుకుని అమ్మింది.

తమ్ముడు: నాకు కారే లేదు.

అక్క: స్కూటీకి కూడా డిక్కీ ఉంటుందిరా! సరే, 2009లో సైమన్ అండ్ షుస్టర్ వాళ్లు మళ్లీ అచ్చేశారు, బెస్ట్ సెల్లర్ అయింది. ఆ ముక్క అందరూ చెప్పేదే. నన్ను పట్టుకున్నది ఆ తర్వాత సంగతి. రిచర్డ్ గ్లాట్జర్, వాష్ వెస్ట్‌మోర్‌ల్యాండ్ అని ఇద్దరు దర్శకులు. జీవితంలోనూ జంటే, సినిమాలూ కలిసే తీసేవాళ్లు. 2011లో రిచర్డ్‌కి మాట తడబడుతోందని డాక్టరు దగ్గరికి వెళ్తే ఏఎల్ఎస్ అని తేలింది.

తమ్ముడు: కండరాల జబ్బు.

అక్క: కండరాల్ని కదిలించే నరాలది. అవి ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చేతులు, కాళ్లు, మాట, మింగడం, ఆఖరికి ఊపిరి. ఆ దెబ్బ ఇంకా పచ్చిగా ఉండగానే నిర్మాతలొచ్చి ఈ నవల సినిమాగా తీస్తారా అని అడిగారు.

తమ్ముడు: ఇంట్లో అది పెట్టుకుని ఇది చదవడమా!

అక్క: వాష్ కూడా మొదట జంకాడు. ఆలిస్ న్యూరాలజిస్టు ముందు కూర్చునే ఘట్టం అచ్చం తమ ఇంటి సంగతిలాగే ఉంది మరి. నిజానికి రెండు జబ్బులూ ఒకదానికొకటి తిరగేసినట్టుంటాయి. ఆలిస్‌కి ఒంట్లో సత్తువ ఉంది, జ్ఞాపకం జారిపోతోంది. రిచర్డ్‌కి బుర్ర పాదరసం, ఒళ్లు మాట వినట్లేదు.

తమ్ముడు: అంటే ఆవిడ ఒక జబ్బు గురించి రాస్తే, తగిలింది ఇంకో జబ్బున్న మనిషికి.

అక్క: అదే. సైన్స్ ఎక్కడా తప్పు పోకూడదని అంత జాగ్రత్తగా రాసిందా? వీళ్లకి తగిలింది సైన్స్ కాదు. నిన్న చేసిన పని ఇవాళ చేతకాకపోతే నేను నేనేనా అన్న ప్రశ్న. పేరులోనే ఉంది కదా, ఇంకా ఆలిస్‌నే అని. షూటింగ్ నాటికి రిచర్డ్‌కి మాట పోయింది. ఒక్క వేలితో ఐప్యాడ్ మీద కొడితే, అది చదివి వినిపించేది. సెట్‌లో ఆయన గొంతు అదే.

తమ్ముడు: సినిమాలో ఆలిస్ ఉపన్యాసం సీను ఉంది కదా, చదివిన లైను మీదల్లా పసుపు గీత గీసుకుంటూ...

అక్క: చదివిందే మళ్లీ చదవకుండా. ఆ సీన్‌కి దర్శకుడు ఒక్కో అక్షరం కొట్టుకుంటూ మాట్లాడే మనిషి. ఒక్కసారి ఊహించుకో. నేనైతే ఆ సీను రెండోసారి చూడలేకపోయాను. 2015 ఫిబ్రవరి 22న, ఆలిస్‌గా వేసిన జూలియన్ మూర్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. జబ్బు సంగతి తెలిశాక ఏం చేయాలనుందని వాష్ అడిగితే, సినిమాలు తీయాలని రిచర్డ్ అన్నాడని ఆవిడ స్టేజి మీదే చెప్పింది. మార్చి 10న ఆయన పోయాడు.

తమ్ముడు: పదహారు రోజులకి.

అక్క: ఊఁ. మరి జెనోవా ఊరుకుందా? 2018లో ఎవ్రీ నోట్ ప్లేడ్ అని ఇంకో నవల. ఒక పియానిస్టుకి ఏఎల్ఎస్ వస్తుంది. ముందు కుడిచెయ్యి పోతుంది.

తమ్ముడు: పియానిస్టు పేరేంటి?

అక్క: రిచర్డ్. పుస్తకం అంకితంలోనూ రిచర్డ్ గ్లాట్జర్ పేరుంది.

తమ్ముడు: ...

అక్క: ఏంట్రా, మైక్ పోయిందా?

తమ్ముడు: లేదు, ఉంది. నవల బాగుందా?

అక్క: ఆలిస్ అంత కాదు, నా మటుకు. విడిపోయిన మొగుడూపెళ్లాల పాత తగాదాలు కాస్త ఎక్కువయ్యాయి. ఆ కథలో రిచర్డ్ అంత మంచివాడు కూడా కాదు. అది మాత్రం నాకు నచ్చింది.