వైట్ లైట్ బ్లాక్ రెయిన్ రివ్యూ: వాయిస్ ఓవర్ లేకపోవడమే దీని బలం

హాయ్ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఒక ఓటీటీ యాప్ వాళ్లు ఫ్రీ సబ్‌స్క్రిప్షన్ ఇచ్చి ఏదో ఒక డాక్యుమెంటరీ రివ్యూ చెయ్యమన్నారు, ఇది నేను ఎంచుకున్నదే. 2007లో స్టీవెన్ ఒకజాకి తీశారు, హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడ్డ 14 మంది కెమెరా ముందు కూర్చుని చెప్పే మాటలు. మిగతా వివరాలు గూగుల్‌లో చూసే వచ్చుంటారు.

నాకు పిచ్చిగా నచ్చిందేంటంటే, వాయిస్ ఓవర్ లేదు. ఇంతకుముందు చూసిన యుద్ధం డాక్యుమెంటరీల్లో అయితే సాక్ష్యం చెప్పే పెద్దాయన నోరు తెరిచేలోపే ఒక గంభీరమైన గొంతు వచ్చి ఆయన బాధేంటో మనకి చెప్పేసేది, ఒళ్లు మండేది.

తానిగుచి గారి సీన్ చూడండి. నాగసాకిలో 16 ఏళ్ల వయసులో సైకిల్ మీద ఉత్తరాలు పంచుతుంటే వీపంతా కాలిపోయింది. 1946లో అమెరికన్ బృందమే ఆయన్ని కలర్‌లో షూట్ చేసింది, బోర్లా పడుకున్న కుర్రాడు, ఎర్రటి వీపు. అప్పుడు ఆ కుర్రాణ్ణి ఎవరూ ఏమీ అడిగుండరు. ఇక్కడ మాత్రం ఆయనే చొక్కా విప్పి, తన మాటల్లో చెప్తూ చూపిస్తారు. కదల్లేక నెలల తరబడి అలాగే పడుకోవడంతో ఛాతీ కూడా పుండ్లు పడి గుంటలు పడిపోయింది. సరిగ్గా ఆ సీన్ మధ్యలోనే బిర్యానీ యాడ్ వేసింది మన యాప్! డబ్బులిచ్చినవాళ్లకి కూడా ఇదేనా సార్?

మా అమ్మమ్మది దివిసీమ. 1977 ఉప్పెన గురించి ఫోన్‌లో రికార్డ్ చేద్దామంటే కొంగు సర్దుకుని "ఏం చెప్పమంటావురా" అని ఊరుకుంటుంది, ఫోన్ జేబులో పెట్టాక మొదలుపెడుతుంది. అందుకే అంతమంది చేత అంత నింపాదిగా చెప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

కంప్లైంట్ ఒక్కటే. డైరెక్టర్ 500 మందికి పైగా కలిశారట, సినిమాలో ఉన్నది 14 మంది, గంటన్నర కూడా లేదు. ఒక్కొక్కరికీ ఆరేడు నిమిషాలు ఏ మూలకి? 2025 నాటికి ప్రాణాలతో ఉన్న హిబాకుషా (అణుబాంబు బాధితులు) లక్షలోపే, సగటు వయసు 86 దాటింది, మళ్లీ వెళ్లి అడుగుదామన్నా ఎంతమంది దొరుకుతారు! పూర్తి నిడివి సాక్ష్యాలు కావాలంటే హిరోషిమా, నాగసాకి స్మారక మందిరాల వీడియోలు వెతకండి.

నా రేటింగ్ ఐదుకి ఐదు. యాప్‌కి రెండు, అదీ ఫ్రీగా ఇచ్చారు కాబట్టి.